తొమ్మిదిన్నర నుంచి వెనక్కి

బుధవారం, రాత్రి

శనివారం ఆరుగురం బయటికి వెళ్తున్నాం. ముందు భోజనం, దాంతోపాటు కాస్త మందు, ఆ తర్వాత హాల్లో బ్యాండు. టికెట్లు వచ్చేశాయి, టేబుల్ ఇంకా బుక్ కాలేదు. పగలంతా పని మధ్యలో దీని మీదికే మనసు పోయింది. ఇప్పుడు కాగితం తీసుకుని టైములు వేస్తున్నాను.

ఇలాంటి రాత్రుల్లో మన కోసం ఆగనిది స్టేజీ ఒక్కటే. భోజనం అరగంట అటూ ఇటూ జరుగుతుంది, మందు ఎప్పుడైనా తెప్పించుకోవచ్చు. బ్యాండు అలా కాదు. ఫలానా టైముకి సౌండ్ ఆపెయ్యాలని హాలుకి గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యంగా మొదలైనా పాటలు తగ్గుతాయే తప్ప కచేరీ సాగదు. కాబట్టి లెక్క పాట మొదలయ్యే నిమిషం నుంచి వెనక్కి వేయాలి. ఇంట్లోంచి బయల్దేరే టైము నుంచి ముందుకు వేస్తే ప్రతి చోటా పది నిమిషాలు జారి, జారినదంతా కచేరీ మీద పడుతుంది.

టికెట్ మీద అచ్చు వేసేది చాలాసార్లు తలుపులు తీసే టైము. ఎనిమిదికి తలుపులు తీస్తే, ముందు వాయించే చిన్న బ్యాండు ఎనిమిదిన్నరకి ఎక్కుతుంది. వాళ్లది 30 నుంచి 45 నిమిషాలు. తర్వాత సామాన్లు మార్చి మైకులు సరిచూసుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అసలు బ్యాండు వచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, గంటంబావు నుంచి గంటన్నర దాకా వాయిస్తుంది. చిన్న క్లబ్బుల పద్ధతి వేరు. అక్కడ ముప్పావుగంట చొప్పున రెండు విడతలు, మధ్యలో 15, 20 నిమిషాల విరామం. హాలుకి ఫోన్ చేసి "మెయిన్ బ్యాండు స్టేజీ ఎక్కేది ఎన్నింటికి?" అని అడిగితే చెప్పేస్తారు. "షో ఎన్నింటికి?" అంటే మాత్రం టికెట్ మీద ఉన్నదే మళ్లీ చదువుతారు.

తొమ్మిదిన్నరకి పాట అంటే తొమ్మిదికి హాలు గుమ్మం దగ్గర ఉండాలి. వరుస, బ్యాగుల తనిఖీ, చేతికి పట్టీ వేయించుకోవడం, బాత్రూం, నిలబడే చోటు చూసుకోవడం, వీటన్నిటికీ అరగంట సరిగ్గా సరిపోతుంది. రెస్టారెంటు నుంచి హాలుకి నడిచి 15 నిమిషాలు. కాబట్టి 8:45కి టేబుల్ మీంచి లేవాలి, ఎనిమిదింబావుకి బిల్లు అడగాలి. ఆరుగురు కూర్చుని తినడానికి రెండు గంటలు కావాలి కాబట్టి టేబుల్ 6:45కి. ఇద్దరే అయితే గంటంబావు, గంటన్నరలో అయిపోయేది. మనుషులు పెరిగిన కొద్దీ తినే టైము పెద్దగా పెరగదు. ఆర్డరు తేల్చడానికి, అన్ని ప్లేట్లూ ఒక్కసారి బయటికి రావడానికి పట్టే టైమే పెరుగుతుంది.

రెస్టారెంటుని వంట చూసి ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, హాలుకి దగ్గర్లో ఉండటమూ అంతే ముఖ్యం. మధ్యలో బండెక్కాల్సి వస్తే ఆరుగురికి రెండు కార్లు, రెండు బుకింగులు, రెండు రకాల ట్రాఫిక్. నడిచే దూరంలో ఓ మోస్తరు వంటే ఉన్నా, శనివారానికి నేను దాన్నే ఎంచుకుంటాను.

భోజనం దగ్గర ప్లాన్ చెడేది దాదాపు ఎప్పుడూ ఒకేలా. అందరూ కూర్చుంటారు, "ముందు ఒక రౌండ్ కానిద్దాం, తిండి తర్వాత చూద్దాం" అంటారు. ఆ రౌండ్ ముగిసేసరికి ఏడున్నర అవుతుంది. అప్పటికి రెస్టారెంటంతా నిండి, కిచెన్‌లో ఆర్డర్లు వరుస కట్టి ఉంటాయి. ఏడింటికి ఇస్తే 20 నిమిషాల్లో వచ్చే ప్లేటు ఎనిమిదింటికి 40 నిమిషాలు తీసుకుంటుంది. అందుకని మొదటి గ్లాసుతోపాటే మొత్తం తిండి ఆర్డరు ఇచ్చెయ్యాలి. స్టార్టర్లు వెంటనే, మిగతావి ఏడున్నరకి టేబుల్ మీదికి రావాలని చెప్పాలి. నిప్పుల మీద నిదానంగా కాల్చేవి, ఓవెన్‌లో పెట్టేవి అరగంట పైనే పడతాయి కాబట్టి వాటిని ముందే అడగాలి, లేదా ఆ రాత్రికి వదిలెయ్యాలి. కూర్చోగానే వెయిటర్‌తో "మేం 8:45కి లేవాలి, తొమ్మిదిన్నరకి షో ఉంది" అని చెప్పడం మొహమాటపడాల్సిన విషయం కాదు. ఆ ఒక్క మాట కిచెన్‌కి చేరితే ప్లేట్లు వచ్చే వరుసే మారుతుంది. ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం ఆర్డరు ఆపకూడదు. వాళ్లకేం కావాలో ఫోన్‌లో కనుక్కుని కలిపెయ్యడమే.

బిల్లు ఒకరే కట్టాలి. ఆరు కార్డులు మెషీన్‌లో గీయడానికి పది నిమిషాలు పోతాయి, ఒకటి పని చెయ్యకపోతే ఇంకో ఐదు. వాటాలు మర్నాడు పంపుకోవచ్చు. తాగేవాళ్లూ తాగనివాళ్లూ కలిసి ఉన్నప్పుడు తిండి వాటా, మందు వాటా విడివిడిగా వేస్తారని ముందే గ్రూపులో రాసిపెడితే తర్వాత ఎవరి మనసూ కష్టపడదు.

ఇక మందు. దీన్ని గ్లాసుల్లో కన్నా గ్రాముల్లో లెక్కపెడితేనే నిజం తెలుస్తుంది. మిల్లీలీటర్లని శాతంతో గుణించి, వందతో భాగించి, 0.79తో (ఒక మి.లీ. ఆల్కహాల్ బరువు గ్రాముల్లో) మళ్లీ గుణిస్తే లోపలికి వెళ్లే ఆల్కహాల్ బరువు వస్తుంది. 5 శాతం బీరు 330 మి.లీ. అయితే 13 గ్రాములు. 12 శాతం వైన్ 150 మి.లీ. గ్లాసులో 14. విస్కీ, రమ్ము లాంటి 40 శాతం సరుకు 30 మి.లీ.లో తొమ్మిదిన్నర, 60లో 19. 8 శాతం స్ట్రాంగ్ బీరు 500 మి.లీ. డబ్బా ఒక్కటే 32 దాకా వెళ్తుంది. "నేను ఒక్క బీరే తాగాను" అన్న మాట అక్కడే తప్పవుతుంది. కాక్‌టెయిల్ తియ్యగా ఉంటే లోపల ఎంత ఉందో నాలుకకి తెలియదు, ఎన్ని మి.లీ. పోస్తారో బార్లో అడగడం మంచిది. శరీరం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు మాత్రమే కరిగిస్తుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం, వాంతి ఏవీ ఆ వేగాన్ని పెంచవు. కాఫీ నిద్రమత్తు తగ్గిస్తుంది అంతే, రక్తంలో ఉన్నది అలాగే ఉంటుంది.

తిండి ముందు ఎందుకు పడాలో కూడా ఇందులోనే ఉంది. ఆల్కహాల్ ఎక్కువగా రక్తంలోకి చేరేది చిన్నపేగు నుంచి. పొట్టలో ఆహారం ఉంటే పేగులోకి దిగడం ఆలస్యమవుతుంది, ఒక్కసారిగా ఎక్కదు. ఖాళీ కడుపున తాగితే అరగంటలోనే తలకెక్కుతుంది. శనివారానికి నేను వేసుకున్నది: భోజనంతో రెండు గ్లాసుల వైన్, హాల్లో ఒక చిన్న బీరు, ప్రతిదాని తర్వాత ఒక గ్లాసు మంచినీళ్లు. మొత్తం 41 గ్రాములు. అది కరగడానికే నాలుగు నుంచి ఆరు గంటలు కావాలి. ఏడింటికి మొదలుపెడితే అర్ధరాత్రి దాటినా కొంత మిగిలే ఉండొచ్చు, కాబట్టి స్టీరింగు పట్టుకునే ప్రశ్నే లేదు. నిద్రమాత్రలో, ఏవైనా యాంటీబయాటిక్‌లో వాడేవాళ్లు డాక్టర్ని అడిగితే తప్ప ఈ లెక్కలోకి రాకూడదు. తాగనివాళ్లని ఎవరూ బలవంతపెట్టకూడదు, ఇది నేను గట్టిగా అనుకునే మాట.

హాల్లో ఎక్కడ నిలబడాలన్నది నాకు చాలా ఇష్టమైన విషయం. సౌండ్ ఇంజినీరు మిక్సర్ బల్ల ఎక్కడుంటే దానికి కాస్త ముందు, హాలు మధ్యగీతకి దగ్గర్లో. ఆయన ఆ చోట వినపడేదాన్ని బట్టే పాటని సర్దుతాడు. స్టేజీకి ఆనుకుని నిలబడితే డ్రమ్ములు, గిటార్ బాక్సులు నేరుగా తగులుతాయి. పాడేవాళ్ల గొంతు మాత్రం పక్కనున్న పెద్ద స్పీకర్ల నుంచి మన తల మీంచి దాటిపోతుంది, మాటలు అర్థం కావు. గోడ పక్కన, మూలల్లో బేస్ పేరుకుపోయి పాటంతా బురదగా వినిపిస్తుంది. బార్ పక్కనైతే గ్లాసుల చప్పుడు, మాటలు. పొడవు తక్కువ ఉన్నవాళ్లకి మెట్టో, పైన బాల్కనీ ముందు వరుసో దొరికితే అదే మేలు.

చెవుల మాట ఎవరూ ప్లాన్‌లో పెట్టరు. 85 డెసిబెల్స్ మోత ఎనిమిది గంటలు భరించవచ్చని పనిచోట్లకి అమెరికాలో ఒక ప్రమాణం ఉంది. ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగమవుతుంది. ఆ లెక్కన 100 దగ్గర 15 నిమిషాలే. కచేరీ హాళ్లలో పావుగంట సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ హద్దు లోపలే ఉన్నా గంటన్నర పాట చెవికి ఎక్కువే. అందుకే చెవుల్లో పెట్టుకునే ప్లగ్గులు కావాలి. స్పాంజివి పైశ్రుతుల్ని ఎక్కువగా మింగేసి పాటని మొద్దుబారుస్తాయి. సంగీతం కోసమే చేసినవి అన్ని శ్రుతుల్నీ ఇంచుమించు సమానంగా 15, 20 డెసిబెల్స్ తగ్గిస్తాయి, పాట పాటలాగే ఉంటుంది. అవి జేబులో ఉంటే సరిపోదు, మొదటి పాటకి ముందే పెట్టుకోవాలి. మధ్యలో ఒకసారి బయటి గాలికి వెళ్లి పది నిమిషాలు నిలబడటం కూడా చెవులకి విశ్రాంతే.

టికెట్లు ఇవాళే ఫోన్‌లోకి దించుకోవాలి, గుమ్మం దగ్గర జనంలో నెట్ పనిచెయ్యదు. కొన్ని టికెట్ల కోడ్ కొన్ని సెకన్లకోసారి మారుతుంది, వాటికి స్క్రీన్‌షాట్ చెల్లదు, ఫోన్‌లోని వాలెట్ యాప్‌లో పెట్టుకోవాలి. ఆరుగురి టికెట్లూ ఒకే ఫోన్‌లో ఉంటే ఆలస్యమైనవాడి కోసం మిగతా ఐదుగురూ బయట నిలబడాలి, ఎవరివి వాళ్లకి ఇప్పుడే పంపేస్తాను. గుర్తింపు కార్డు, చిన్న బ్యాగు, మూడు గంటలు నిలబడగలిగే చెప్పులు.

తిరుగు ప్రయాణం మొదటి గ్లాసుకి ముందే తేలాలి. ఎవరు నడుపుతారో, వాళ్లు ఒక్క చుక్క కూడా ముట్టరని అందరికీ తెలియాలి. వాళ్ల తిండి, కూల్‌డ్రింకులు మిగతా వాళ్ల లెక్కలో. క్యాబ్ అయితే హాలు గుమ్మం దగ్గర పిలవకూడదు. అందరూ అప్పుడే అక్కడే పిలుస్తారు కాబట్టి రేటు పెరుగుతుంది, డ్రైవరూ జనంలో చిక్కుకుంటాడు. మూడు నాలుగు వందల మీటర్లు పెద్దరోడ్డు వైపు నడిచి పిలిస్తే పని తొందరగా అవుతుంది. చివరి రైలో బస్సో నమ్ముకుంటే దాని టైము కూడా ఈ కాగితం మీదే ఉండాలి. ఫోన్ చచ్చిపోతే కలవాల్సిన చోటు ఒకటి ముందే అనుకోవాలి, "బయట కలుద్దాం" అంటే ఎవరూ కలవరు.

టేబుల్‌కి రేపు పొద్దున్నే ఫోన్ చేస్తాను, ఆరుగురికి, 6:45కి, స్పీకర్లకి దూరంగా. కిచెన్ చివరి ఆర్డరు ఎన్నింటికో కూడా అప్పుడే అడగాలి. షో అయ్యాక ఆకలేస్తే అక్కడికే తిరిగి వెళ్లొచ్చో లేదో తెలుస్తుంది.