ఊగే వంతెన మీద మనుషులు

వాంకూవర్ వెళ్తున్నానంటే ఎవరైనా మొదట చెప్పే పేరు కాపిలానో వేలాడే వంతెన. లోయ బాగుంటుంది, చెట్లు బాగుంటాయి, ఫొటోలు బాగా వస్తాయి. నిజమే. నాకు మాత్రం ఆ వంతెన పరిచయమైంది సైకాలజీ పాఠాల్లో. ఎదుటి మనిషి మీద మనకు కలిగే అభిప్రాయంలో ఆ మనిషి వాటా ఎంత, ఆ నిమిషంలో మన గుండె దడ వాటా ఎంత అని తేల్చడానికి ఒక ప్రసిద్ధమైన పరీక్ష జరిగింది అక్కడే. ఈ సంగతి చెబితే, ఆ ఊళ్లోనే ఉంటున్న మా అక్క "అందరూ సరదాకి వెళ్తారు, నువ్వు పాఠం కోసం వెళ్తున్నావా!" అని నవ్వి, తనూ బయల్దేరింది. మా అక్క మనిషిని చూసిన క్షణంలో లెక్క తేల్చేసే రకం. ఇలాంటి చోటుకి అంతకన్నా మంచి తోడు దొరకదు.

కెనడా ప్లేస్ దగ్గర షటిల్ బస్సు ఎక్కాం. స్టాన్లీ పార్కు చెట్ల మధ్య నుంచి, లయన్స్ గేట్ వంతెన మీదుగా నార్త్ వాంకూవర్ చేరడానికి ఎంతో సేపు పట్టలేదు. సన్నగా చినుకులు. అక్కడ వాన వార్త కాదట.

మొదటి వంతెనని 1889లో జార్జ్ గ్రాంట్ మెకే అనే స్కాట్లండ్ ఇంజనీరు నార తాళ్లతో, సెడార్ పలకలతో కట్టించాడు. 1903లో తాళ్ల స్థానంలో ఉక్కు తీగలు వచ్చాయి. ఇప్పుడున్నది 1956లో మళ్లీ కట్టినది. పొడవు సుమారు 140 మీటర్లు, కింద నది 70 మీటర్ల లోతున. ఈ అంకెలు ఒడ్డున బోర్డు మీద చదివినప్పుడు ఏమీ అనిపించవు.

మొదటి నాలుగడుగులు ధీమాగానే పడ్డాయి. ఆ తర్వాత వంతెన మధ్యకి వచ్చేసరికి దారి కిందికి జారుతుంది, పలకలు తడిగా ఉన్నాయి, ముందు వెళ్లేవాళ్ల ఊపు ఒకటి, ఎదురొచ్చేవాళ్ల ఊపు ఒకటి, రెండూ సరిగ్గా మన కాళ్ల కింద కలుస్తాయి. మా ముందు ఇద్దరు కుర్రాళ్లు నడుస్తున్నారు. "కావాలనే ఊపుతున్నారే, ఎంత పొగరో చూడు," అంది అక్క. నేను చూసినంతలో వాళ్లు మామూలుగానే నడుస్తున్నారు. ఇంతలో వెనక నుంచి ఒక పెద్దావిడ "ప్లీజ్, కాస్త మెల్లగా" అంది. ఎవరినో అనుకున్నాం. మమ్మల్నే. ఆవిడ లెక్కలో ఊపుతున్నది మేము. అక్క వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా, "మేం కాదండీ, వంతెనే ఊగుతోంది" అని ఇంగ్లిషులో చెప్పింది.

నిజానికి అక్కడ అడుగు వేసే ప్రతివాళ్లూ ఊపుతారు. మన లెక్కలో మాత్రం ముందువాడి అడుగుకి కారణం వాడి బుద్ధి, మన అడుగుకి కారణం వంతెన. ఎదుటివాడి పరిస్థితిని పక్కన పెట్టి, వాడు చేసినదంతా వాడి గుణానికే అంటగట్టే ఈ అలవాటుకి లీ రాస్ అనే సైకాలజిస్టు 1977లో ఒక పెద్ద పేరే పెట్టాడు. తెలుగులో 'మౌలిక ఆపాదన దోషం' అనొచ్చేమో. పరీక్షలో రాయడానికి బాగుంటుంది, వంతెన మీద నోరు తిరగదు.

అవతలి ఒడ్డున మరో లోకం. దాటి వచ్చినవాళ్లంతా ముక్కూ మొహం తెలియనివాళ్లతో నవ్వుతున్నారు, మాట్లాడుతున్నారు. ఒక జంట వాళ్లంతట వాళ్లే వచ్చి మా ఇద్దరికీ ఫొటో తీసిపెట్టారు. "ఎంత మంచివాళ్లో! కళ్లలోనే తెలిసిపోతుంది," అంది అక్క. ఇంకేం, పాఠం మొదలుపెట్టాను.

డొనాల్డ్ డట్టన్, ఆర్థర్ ఆరన్ అనే సైకాలజిస్టులు 1974లో ప్రచురించిన పరీక్ష అది. వంతెన దాటుతున్న, వెంట ఆడవాళ్లు లేని 18 నుంచి 35 ఏళ్ల మగవాళ్లని ఒక యువతి ఆపి, ఒక బొమ్మ చూపించి చిన్న కథ రాయమంటుంది. చివర్లో కాగితం అంచు చింపి ఫోన్ నంబరు ఇచ్చి, వివరాలు కావాలంటే ఫోన్ చేయమంటుంది. ఇదే తంతు నదికి ఎగువన, మూడు మీటర్ల ఎత్తులో కదలకుండా ఉండే గట్టి చెక్క వంతెన మీద కూడా జరిగింది. నంబరు తీసుకున్నవాళ్లలో, ఊగే వంతెన మీది 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు. గట్టి వంతెన మీది 16 మందిలో ఇద్దరే. అడిగినది మగవాడైతే రెండు చోట్లా ఫోన్లు అంతంతమాత్రమే. గుండె కొట్టుకున్నది లోయని చూసి, ఆ దడ జమ అయ్యింది ఆ అమ్మాయి ఖాతాలో.

"భయం లేనివాళ్లే ఊగే వంతెన ఎక్కుతారు, వాళ్లకి ఫోన్ చేసే ధైర్యం కూడా ఉంటుంది, అంతే కదే?" అంది అక్క. గట్టి ప్రశ్నే. డట్టన్, ఆరన్‌లకీ అదే అనుమానం వచ్చింది. అందుకే ఊగే వంతెన దాటినవాళ్లనే రెండు రకాలుగా తీసుకున్నారు: వంతెన మీద ఉన్నవాళ్లు, దాటేసి కనీసం 10 నిమిషాలు సేదతీరినవాళ్లు. మొదటివాళ్లలో 20 మందికి 13 మంది, రెండోవాళ్లలో 23 మందికి 7 గురు ఫోన్ చేశారు. చిన్న సంఖ్యలే, వీటిని పట్టుకుని మానవజాతి గురించి తీర్పులు చెప్పను. అయినా దీన్ని 'ప్రేమ పుట్టాలంటే భయపెట్టండి' అనే చిట్కాగా మార్చి తిప్పుతుంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది.

ఎందుకంటే దడ ఎప్పుడూ ఇష్టంగానే మారదు. 1981లో గ్రెగరీ వైట్ అనే సైకాలజిస్టు, మరో ఇద్దరు కలిసి కొందరు మగవాళ్లని ఉన్నచోటే 2 నిమిషాలు, మరికొందరిని 15 సెకన్లు పరుగెత్తించి ఒక అమ్మాయి వీడియో చూపించారు. ఒక వీడియోలో ఆమె ముస్తాబై ఉంది. ఇంకోదాంట్లో అదే అమ్మాయిని కావాలనే వికారంగా తయారుచేశారు. ఎక్కువ పరుగెత్తినవాళ్లకి అందంగా ఉన్నామె ఇంకా నచ్చింది, వికారంగా ఉన్నామె ఇంకా నచ్చలేదు. అంటే, లోపల ముందే ఎటు మొగ్గు ఉంటే దడ దాన్నే ఇంకా పెంచుతుందన్నమాట.

అక్క ఆలకించింది గానీ ఒప్పుకోలేదు. "నేను మనుషుల్ని దడతో చూడనే, కళ్లతో చూస్తాను," అంది.

తిరుగు నడక తేలిగ్గా అయిపోయింది. ఇటువైపు గ్రానైట్ కొండ అంచుకి వేలాడదీసిన సన్నటి దారి ఒకటుంది, క్లిఫ్‌వాక్ అంటారు. ఇద్దరు పక్కపక్కన నడవడమే కష్టం, అందులో ముందు ఎవరో ఆగిపోయి సెల్ఫీ మీద సెల్ఫీ తీసుకుంటున్నారు. వాన పెరిగింది, కాళ్లు లాగుతున్నాయి.

"వెనక జనం ఉన్నారన్న ఇంగితం ఉండక్కర్లా? మొహాలు చూస్తేనే తెలుస్తోంది," అని అక్క సణిగింది.

"ఇందాక మనకి ఫొటో తీసిపెట్టింది వాళ్లే అక్కా."

అక్క మెడ సాచి ఇంకోసారి చూసింది. "అప్పుడు బాగానే ఉన్నారే," అంది.