బండి పోటీల కోసం పోనీ పిల్ల, దాని పాస్‌పోర్ట్: నా అనుభవం

నిన్న మధ్యాహ్నం పోస్టులో మా పోనీ (పొట్టి జాతి గుర్రం) పిల్ల పాస్‌పోర్ట్, అంటే దాని గుర్తులూ తల్లిదండ్రుల వివరాలూ ఉండే పుస్తకం, వచ్చింది. పిల్ల పుట్టింది మే 12న, ఇప్పుడు నవంబరు. దాన్ని సాకడం ఒక ఎత్తు, అది ఫలానా మగ గుర్రానికే పుట్టిందని రుజువు చేయడం ఒక ఎత్తు అయింది. మేముండేది ఇంగ్లండ్–వేల్స్ సరిహద్దు దగ్గర హెరెఫర్డ్‌షైర్‌లో. ఈ దేశంలో పోనీల మీద మనసుపడ్డ తెలుగువాళ్లెవరైనా ఉంటే పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

ముందు ఎంపిక సంగతి. వెల్ష్ పోనీ అండ్ కాబ్ సొసైటీ 1901లో పుట్టింది. దాని స్టడ్ బుక్‌లో (వంశాల నమోదు పుస్తకం) నాలుగు సెక్షన్లు: ఏ అంటే 12 హ్యాండ్స్ (ఒక హ్యాండ్ నాలుగంగుళాలు) వరకు, బి, సి 13.2 (13 హ్యాండ్స్ 2 అంగుళాలు) వరకు, డి అంతకు మించినవి. కనీసం 12.5 శాతం వెల్ష్ రక్తం ఉండి వేరే జాతితో కలిసినదాన్ని పార్ట్‌బ్రెడ్ అంటారు. స్పోర్ట్ పోనీ అని మేం పిలుచుకునేవి ఎక్కువగా ఇవే. బండి పోటీల్లో (గుర్రానికి బండి కట్టి డ్రెసాజ్, మారథాన్, కోన్స్ అనే మూడు అంకాల్లో తోలే పోటీలు) పోనీ క్లాసుకు ఎత్తు నాడాలు లేకుండా 148 సెంటీమీటర్లు దాటకూడదు. అందుకని 142–146 మధ్య ఆగే పిల్లను కోరుకోవాలి. అడుగు అందంగా పడుతుందని పెద్ద వార్మ్‌బ్లడ్‌తో (పోటీల కోసం పెంచే పెద్ద గుర్రాల రకం) దాటించి, చివరికి 150 సెంటీమీటర్ల జంతువును చేతిలో పెట్టుకున్నవాళ్లను చూశాను. అది పోనీ క్లాసుకు పనికిరాదు, పెద్ద గుర్రాల క్లాసులో ఆనదు. మా సెక్షన్ సి ఆడగుర్రం 134 సెంటీమీటర్లు. దానికి 146 సెంటీమీటర్ల రైడింగ్ పోనీని (స్వారీకి పెంచే పోనీ రకం) ఎంచాం.

చేతితో నడిపించే షోల్లో వచ్చిన రిబ్బన్లు చూసి మగ గుర్రాన్ని ఎంచకండి. బండి కట్టారా, కడితే మారథాన్‌లో ఎలా ఉంది అని అడగండి. డ్రెసాజ్‌కు (నడక తీరుకు మార్కులు వేసే అంకం) భుజం నుంచి విచ్చుకునే ట్రాట్ (దుడుకు నడక) కావాలి. మారథాన్ అడ్డంకుల్లో గేట్ల మధ్య చటుక్కున తిరగడానికి వెనక కాళ్లలో బలం కావాలి, అక్కడ ప్రతి సెకనుకు 0.25 పెనాల్టీ పడుతుంది. కోన్స్‌లో, అంటే శంకువుల మధ్య నుంచి బండి తోలే అంకంలో, వాటి మీది బంతి ఒకటి రాలితే 3 పెనాల్టీలు. వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది గుణం. వెనక చక్రం స్తంభానికి ఠాప్‌మని కొట్టుకున్నప్పుడు బెదిరి పరిగెత్తే పోనీ ఎంత అందంగా నడిచినా మనిషి ప్రాణం మీదికి తెస్తుంది.

దాటించేముందు మా ఆడగుర్రానికి స్వాబ్ (జననాంగం నుంచి దూదిపుల్లతో నమూనా తీసి చేసే పరీక్ష), రక్తపరీక్ష అయ్యాయి, రెండింట్లోనూ ఏ రోగమూ లేదని వచ్చింది.

చల్లబరిచిన వీర్యంతో చేయించాం. మన ఊళ్లలో గేదెలకు వేయించే ఎదసూది లాంటిదే గానీ ఒక తేడా ఉంది. ఆవు ఎద అయిపోయాక అండం విడుదలవుతుంది. ఆడగుర్రం అయిదు నుంచి ఏడు రోజులు ఎదలో ఉండి, ఎద ముగియడానికి ఒకటి రెండు రోజుల ముందే అండం వదులుతుంది. బయటి లక్షణాలు చూసి లెక్క కట్టలేం, స్కాన్ చేయాల్సిందే. ఫాలికల్ (అండం ఉండే తిత్తి) 35 మిల్లీమీటర్లు దాటాక హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే 36–48 గంటల్లో అండం విడుదలవుతుంది. దాన్నిబట్టి వీర్యం ఆర్డరు పెట్టాలి. వచ్చిన డోసులో ముందుకు ఈదే కణాలు కనీసం 50 కోట్లు ఉండాలి. వెచ్చబెట్టిన స్లైడు మీద ఒక చుక్క వేసి చూడమని వెట్‌ను (పశువైద్యుణ్ని) అడగండి.

మొదటిసారి నిరుడు ఏప్రిల్ 26. చూడి కట్టలేదు. గర్భసంచిలో నీరు నిలిచింది. పదకొండేళ్ల ఆడగుర్రానికి ఇది వింతేమీ కాదు. సెలైన్‌తో కడిగి, గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ ఇచ్చి, ఒక ఎద వదిలేశాం. జూన్ 7న మళ్లీ చేయించాం. 15వ రోజు స్కాన్‌లో ఒక్కటే కనిపించింది. కవలలుంటే ఆ రోజుల్లోనే ఒకదాన్ని నలిపేయాలి, 35 రోజులు దాటాక చూడి పోతే మళ్లీ ఎద తెప్పించడం కూడా కష్టం. అయిదు, ఏడు, తొమ్మిది నెలల్లో హెర్పిస్ టీకాలు, ఈనడానికి నెల ముందు ధనుర్వాతం టీకా వేయించాం. 339వ రోజు తెల్లవారుజామున ఈనింది. పిల్ల గంటలోపు లేచి నిలబడింది, రెండు గంటల్లో ముర్రుపాలు తాగింది, మూడు గంటల్లోపు మాయ పడింది. మర్నాడు పిల్ల రక్తంలో ఐజీజీ (ముర్రుపాల నుంచి వచ్చే రోగనిరోధక పదార్థం) లీటరుకు 8 గ్రాములకు పైనే ఉంది.

ఇక కాగితాలు. ఇక్కడే తల ప్రాణం తోకకొచ్చింది.

ఈ దేశంలో గుర్రం పిల్లకు ఆరు నెలలు నిండేలోగా, లేదా పుట్టిన ఏడాది డిసెంబరు 31లోగా, ఏది తర్వాతైతే ఆలోగా పాస్‌పోర్ట్ ఉండాలి. పాస్‌పోర్టులు ఇచ్చే సంస్థలు చాలా ఉన్నాయి. మేం వెళ్లింది పైన చెప్పిన సొసైటీకి కాదు, వేరే సంస్థకు. దాని పేరు రాయను. జూన్ ఆఖర్లో ఫారం పంపాం, ఏ తేదీన వీర్యం ఇచ్చారో చెప్పే మగ గుర్రం యజమాని సర్టిఫికెట్ జతచేసి. ఆగస్టులో తిరిగొచ్చింది. “సర్టిఫికెట్ ప్రకారం ఆఖరి తేదీ ఏప్రిల్ 26. అప్పటి నుంచి పిల్ల పుట్టేసరికి 381 రోజులు. వివరణ ఇవ్వండి.”

ఫోన్ చేస్తే అవతలావిడ అడిగిన మొదటి ప్రశ్న, మీ పొలంలో ఇంకో మగ గుర్రం ఉందా అని. మళ్లీ అదే ప్రశ్న, ఇంకాస్త నెమ్మదిగా, నాకు భాష అర్థం కాలేదన్నట్టు. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. దొంగ పిల్లను అంటగట్టడానికి వచ్చినవాడితో మాట్లాడినట్టు మాట్లాడింది. ఆ పూట అన్నం సయించలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియడానికి మూడు వారాలు పట్టింది. ఏప్రిల్ డోసుకు డబ్బు కట్టాం కాబట్టి మగ గుర్రం యజమాని పుస్తకంలో ఆ తేదీ పడింది. చూడి కట్టకపోతే మళ్లీ ఉచితంగా పంపుతామన్న హామీ కింద వచ్చింది జూన్ డోసు. బిల్లు లేదు కాబట్టి పుస్తకంలో ఎక్కలేదు, పుస్తకంలో లేనిది సర్టిఫికెట్‌లోకి రాలేదు. దిద్ది ఇవ్వమని ఎన్నిసార్లు రాసినా “చూస్తాం” అన్నారు. చివరికి మమ్మల్ని కాపాడింది వీర్యం పెట్టెలో వచ్చిన చిన్న కాగితం. దాని మీద వీర్యం తీసిన తేదీ, మగ గుర్రం పేరు, దాని మెడలో పెట్టిన గుర్తింపు చిప్ నంబరు ఉన్నాయి. వెట్ దగ్గరి నర్సమ్మ దాన్ని పెట్టెతోపాటు పారేయకుండా కేసు ఫైలుకు పిన్ను కొట్టి ఉంచింది. ఆ తల్లికి దండం పెట్టాలి. ఆ కాగితం నకలు పంపాకే యజమాని కదిలి, జూన్ 7 చేర్చి సంతకం పెట్టారు.

నా మాట వినండి. స్టడ్ ఫీజు (మగ గుర్రం యజమానికి కట్టే డబ్బు) రెండు వాయిదాలైతే రెండోది, ప్రతి డోసు తేదీ ఉన్న సర్టిఫికెట్ చేతికొచ్చాకే కట్టండి. వాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే.

తర్వాత వెంట్రుకల గొడవ. తల్లిదండ్రుల డీఎన్ఏ సరిచూడడానికి పిల్ల వెంట్రుకలు వేళ్లతో సహా పంపాలి. మేం జూలు నుంచి తీశాం. పిల్ల జూలు దూదిలా ఉంటుంది, లాగితే మధ్యలో తెగుతుంది, కుదురు రాదు. పైగా ప్లాస్టిక్ సంచిలో పెట్టాం. లోపల చెమ్మ పట్టి బూజొచ్చింది. ల్యాబు పనికిరాదంది. రెండోసారి తోకలోంచి తీశాం. ముందు బ్రష్‌తో దువ్వి అంటుకున్న తల్లి వెంట్రుకలు తీసేయాలి. నాలుగైదు వెంట్రుకలు వేలికి చుట్టుకుని, చర్మానికి దగ్గరగా పట్టుకుని, ఒక్క ఊపున లాగాలి. చివర గసగసాల గింజకన్నా చిన్నగా తెల్లటి కుదురు కనబడాలి. అలా ముప్ఫై నలభై కావాలి. పొడి కాగితం కవరులో పెట్టాలి, టేపు కుదుళ్ల మీద పడకూడదు. మూడు వారాల్లో ఫలితం వచ్చింది, తల్లీ తండ్రీ ఇద్దరూ సరిపోయారు.

అయినా అక్టోబరులో మళ్లీ తిరిగొచ్చింది, ఈసారి సుడుల కోసం. పాస్‌పోర్ట్ బొమ్మలో తెల్ల మచ్చలు ఎర్ర సిరాతో, సుడులు నల్ల సిరాతో ఇంటూ గుర్తుగా వేయాలి. మా వెట్ రాతలో నుదుటి మీద రెండు సుడులని రాసి, బొమ్మలో ఒక్కటే వేశారు. ఎద్దును కొనేముందు సుడులు చూసే ఊరినుంచి వచ్చినవాణ్ని, నేనైనా పట్టుకోవాల్సింది. పిల్ల నూగులో సుడి సరిగా తెలియదు. తడి స్పాంజితో నుదురు తుడిస్తే వెంట్రుక ఎటు తిరిగిందో బయటపడుతుంది. మా పిల్లకు కళ్ల మధ్య ఒకటి, దానికి రెండంగుళాల పైన ఒకటి. కొత్త బొమ్మ గీయించి, రాతా బొమ్మా పక్కపక్కన పెట్టి గీత గీతా సరిచూసి పంపాం.

నిన్న కవరు విప్పగానే పిల్ల దగ్గరికి వెళ్లాను. మెడకు ఎడమ పక్క, చిప్ ఉన్నచోట, రీడరు ఆనిస్తే అది కూతపెట్టింది. మా అబ్బాయి పదిహేను అంకెలూ ఒక్కొక్కటే చదివాడు, నేను పాస్‌పోర్ట్ మీద వేలు పెట్టి కదుపుతూ పోయాను. అన్నీ సరిపోయాయి. తండ్రి గడిలో తండ్రి పేరుంది. వచ్చే వారం పాలు మాన్పించాలి.