రెండో పాటదారు కోసం: హాలీ సిక్కాల ఆన్‌లైన్ వేలం, ఆరు నెలల నమోదు

జూన్, మొదటి వారం

హన్మకొండలోని మా ఇంట్లో ఇరవై ఏళ్లుగా పోగుపడిన హాలీ సిక్కాలలోనూ (హైదరాబాద్ నిజాముల నాణేలు), ఇతర నాణేలలోనూ స్టాంపులలోనూ ఒకే రకానివి రెండు మూడేసి ఉన్నవాటిని వేరుచేసి, ఆన్‌లైన్ వేలంలో అమ్మి, వచ్చిన డబ్బుతో నా దగ్గర లేనివి కొనాలని నిర్ణయించుకున్నాను. మొదటి వడపోత వయసును బట్టి చేశాను. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువుల కిందికి వస్తుంది. దాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు, అలాంటివాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. అందువల్ల నాణెం మీది చార్మినార్ బొమ్మ ద్వారంలో 'మీమ్' (ఉర్దూలో ఆయన పేరు మొదటి అక్షరం) ఉన్న ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలపు రూపాయలు తిరిగి పెట్టెలోకే వెళ్లాయి. అలాగే 'ఐన్' అక్షరం ఉన్న ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నాణేలు 1911 నుంచి మొదలవుతాయి కనుక వాటి తేదీలను ఒక్కొక్కటిగా చదవవలసి వచ్చింది. నాణెంపై ఉన్న హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో హెచ్చించి 622 కలిపితే ఇంచుమించుగా మనం వాడే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1362 అని ఉంటే అది 1943. నాణెం మీద రాజ్య సంవత్సరం (రాజు పాలనలో అది ఎన్నో ఏడో) కూడా విడిగా ఉంటుంది కాబట్టి ఒకదానితో మరొకదాన్ని సరిచూసుకోవచ్చు.

జూన్, చివరి వారం

ఫోటోలకే పది రోజులు పట్టింది. ఫ్లాష్ వేస్తే వెండి మీద అక్షరాలు మాయమవుతున్నాయి, ట్యూబులైటు కింద తీస్తే నాణెం నీలంగా కనిపిస్తోంది. చివరకు ఉత్తరపు కిటికీ పక్కన ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య నాణేన్ని బూడిద రంగు అట్ట మీద పెట్టి, కిటికీకి ఎదురువైపు తెల్లని థర్మోకోల్ ముక్క నిలబెట్టి, ఫోనును కాస్త ఎత్తులో ఉంచి జూమ్ చేసి తీస్తే సరిపోయింది. ప్రతి నాణేనికి ముందు వైపు, వెనుక వైపు, అంచు, చిన్న తూకం మీద పెట్టినప్పుడు కనిపించే బరువు, ఇలా నాలుగు ఫోటోలు తీస్తున్నాను. చార్మినార్ రూపాయి సుమారు 11.18 గ్రాములు, మనవాళ్లు కల్దారు అనే బ్రిటిష్ రూపాయి 11.66 గ్రాములు తూగాలి. నకిలీ సరుకు విరివిగా తిరిగే రంగం ఇది, కాబట్టి బరువు ఫోటో లేకపోతే అనుభవం ఉన్న కొనుగోలుదారు ముందుకు రాడు.

జూలై

మొదటి అమ్మకం నిరాశపరిచింది. మూడు వేలు పలుకుతుందని నేననుకున్న రూపాయి పదకొండు వందలకే పోయింది. నేను చూసుకున్న ధర వేరొకరు అడుగుతున్న ధరే తప్ప ఎవరూ చెల్లించినది కాదని తరువాత తెలిసింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకువెళ్లే రైతుకు ఇది చెప్పనవసరం లేదు; ఆ రోజు జెండా పాట (అన్నిటికంటే ఎక్కువ పలికిన ధర) మేలైన సరుకుకే పలుకుతుంది, దాన్ని నమ్ముకుని నాసిరకం తాలు కాయకు లెక్క వేసుకునేవాడు ఉండడు. ఇప్పుడు ముగిసిన వేలాల ధరలను మాత్రమే, అదీ నా నాణెంతో సమానంగా అరిగినవాటివి మాత్రమే రాసుకుంటున్నాను.

వేలం నడిచే తీరును కూడా అప్పుడే శ్రద్ధగా గమనించాను. పాటదారు తన గరిష్ఠ ధరను ముందుగా నమోదు చేస్తే, వేదిక (వేలం నడిపే వెబ్‌సైటు) దాన్ని బయటపెట్టకుండా అతని తరఫున అవసరమైనంత వరకే పెంచుతూ పోతుంది. అంటే గెలిచినవాడు రెండో వ్యక్తి గరిష్ఠం కంటే ఒక మెట్టు ఎక్కువ చెల్లిస్తాడు తప్ప తన గరిష్ఠం మొత్తాన్ని కాదు. నా నాణెం కోసం ఒకడు ఐదు వేలైనా ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నా, రెండోవాడు వెయ్యి దగ్గర ఆగిపోతే నాకు వచ్చేది వెయ్యి చిల్లరే. కాబట్టి నేను వెతకవలసింది గట్టిగా కోరుకునే ఇద్దరిని, వాళ్లలోనూ ముఖ్యంగా రెండోవాడిని. ఒక్కరైనా అడుగుతారో లేదో తెలియని వస్తువుకు ఒక రూపాయి ప్రారంభ ధర పెట్టడం మానేశాను. ఆరవ జార్జి బొమ్మతో 1940 తరువాత వచ్చిన వెండి రూపాయిలో వెండి సగమే, అంటే సుమారు 5.83 గ్రాములు, ఆ వెండి విలువ కంటే తక్కువకు దాని పాట మొదలుపెట్టను.

ఆగస్టు

ఒక తప్పు రాసుకోవాలి. నల్లబడిన రెండు అర్ధ రూపాయలను, పూజ సామాన్లు తోమినట్టే, చింతపండుతో తోమాను. అవి కొత్త గిన్నెల్లా మెరిశాయి కానీ వేలంలో తోమని జత నాణేలకు వచ్చిన దానిలో సగం కూడా రాలేదు. సేకర్తలు కోరేది కాలంతో సహజంగా ఏర్పడిన ఆ పొరనే. 'శుభ్రం చేసినది' అని వివరణలో నేనే రాశాను. దాచి అమ్మితే నాణెం తిరిగి వచ్చేది, దానితో పాటు చెడ్డ రేటింగూ వచ్చేది.

రెండు పైల (అణాలో ఆరో వంతు) రాగి నాణేలు విడివిడిగా కదలలేదు. ఇరవైని ఒక కట్టగా పెట్టి, అన్ని తేదీలు కనిపించేలా వరుసగా పేర్చి ఫోటో తీస్తే నలుగురు పాడారు.

సెప్టెంబరు

ముగింపు ఆదివారం రాత్రి తొమ్మిది, పది గంటల మధ్య, వీలైతే జీతాలు పడిన వారంలో ఉండేలా చూస్తున్నాను. సద్దుల బతుకమ్మ రాత్రి ముగిసేలా ఒక వేలం పెట్టడం పూర్తిగా నా తెలివితక్కువతనమే. బయటి రాష్ట్రాల పాటదారులకు మన పండుగతో పనిలేదు కానీ, అంచు ఫోటో మరొకటి కావాలని ఒకరు అడిగినప్పుడు నేను పద్మాక్షి గుట్ట దగ్గర జనంలో ఉన్నాను. జవాబు అందక ఆ మనిషి తప్పుకున్నాడు, నాణెం ఒకే పాటతో ముగిసింది.

అక్టోబరు

గెలిచిన ఒకాయన చెల్లించినట్టు స్క్రీన్‌షాట్ పంపి ఆ రోజే పార్సెల్ పంపమని తొందరపెట్టాడు. ఖాతాలో ఏమీ పడలేదు. ఇంకొకరు డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ నొక్కమన్నారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదు కనుక అక్కడే ఆపేశాను. స్క్రీన్‌షాట్ పంపినాయన గెలిచిన నాణేన్ని వేదిక నిబంధనల ప్రకారం రెండో పాటదారుకు అతను పాడిన ధరకే ఇవ్వజూపితే తీసుకున్నాడు.

ప్యాకింగులో నాణెం కదలకూడదు, చప్పుడు కాకూడదు. పీవీసీ లేని సంచిలో పెట్టి, రెండు గట్టి అట్టల మధ్య టేపుతో బిగించి, బబుల్ కవరు చుట్టి, అంటించేదాకా వీడియో తీస్తున్నాను. పీవీసీ కవర్లు కొన్నేళ్లకు నాణెం మీద ఆకుపచ్చని జిగురును వదులుతాయి. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి పాత వివరణల్లోని పంపకం ఖర్చులన్నీ మార్చవలసి వచ్చింది. ఖరీదైనదాన్ని బీమా లేకుండా పంపను.

నవంబరు

స్టాంపులు మొదలుపెట్టాను. వరంగల్ కోటలోని కాకతీయ తోరణం బొమ్మతో 1947లో హైదరాబాద్ సంస్థానం వేసిన 3 అణాల స్టాంపు నా దగ్గర నాలుగున్నాయి. వెనుక జిగురు, హింజి (ఆల్బంలో స్టాంపును అంటించే చిన్న కాగితం ముక్క) మచ్చ, అంచు పళ్లు కనిపించేలా రెండు వైపులా ఫోటో ఇచ్చాను. శీర్షికలో ఊరి పేరు చేర్చి, వరంగల్ తపాలా ముద్ర స్పష్టంగా పడిన దాన్ని విడిగా పెట్టాను. ముద్ర ఉన్నది వాడేసిన స్టాంపు అయినా వాడని మూడింటి కంటే ఎక్కువ పలికింది. సంస్థానం స్టాంపులు సేకరించే ఒకరు, ఊరి ముద్రలు సేకరించే మరొకరు దాని కోసం పోటీపడ్డారు.

ఇప్పటివరకు లెక్క: పెట్టినవి 22, అమ్ముడుపోయినవి 17, వచ్చినది 21,480 రూపాయలు. వేదిక కమీషను 10 శాతం చొప్పున 2,148, పోస్టు, ప్యాకింగు కలిపి 1,690 పోగా మిగిలినది 17,642. అమ్ముడుపోని ఐదింటిలో మూడింటికి కొత్త ఫోటోలు తీయాలి. వరంగల్ ముద్ర ఉన్న ఇంకొక స్టాంపు పాత ఉత్తరాల కట్టలో కవరు మీద అలాగే ఉంది, దాన్ని చించకుండా కవరుతో సహా డిసెంబరులో పెడతాను.