పుస్తకాలకన్నా ముందు పరీక్షా కేంద్రం: ఇంట్లో చదివి ఐజీసీఎస్ఈ రాయడం

బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదివి అంతర్జాతీయ బోర్డు పరీక్షలు రాయవచ్చా అని అడిగేవారికి నేను ముందుగా చెప్పేది ఒకటే. తప్పకుండా రాయవచ్చు, అయితే పుస్తకాలు కొనడానికన్నా ముందే పరీక్షా కేంద్రాన్ని ఖాయం చేసుకోవాలి. మా అమ్మాయి ఇంటి దగ్గరే చదువుకుని, పదో తరగతి స్థాయిలో కేంబ్రిడ్జ్ బోర్డు పెట్టే ఐజీసీఎస్ఈ పరీక్షలను, ఏ బడి విద్యార్థిగానూ కాక ప్రైవేట్ అభ్యర్థిగా రాసింది. పాఠాలు నేర్చుకోవడం మేము భయపడినంత కష్టం కాలేదు. ఏ పేపర్లు రాయాలి, వాటిని ఎవరు రాయనిస్తారు, ఎప్పటిలోగా పేరు నమోదు చేయించాలి అన్నవే మా ఆలోచనను ఎక్కువగా ఆక్రమించుకున్నాయి. ఇంటిచదువు గురించి రాసేవారు పాఠాల గురించి చెప్పినంతగా ఈ విషయాల గురించి చెప్పరు కాబట్టి నేను వీటినే రాస్తున్నాను.

1988లో తొలిసారి పరీక్షలు జరిగిన నాటి నుంచి ఐజీసీఎస్ఈ ప్రధానంగా బడుల కోసం రూపొందిన పరీక్షే. అభ్యర్థులు నేరుగా బోర్డుకు దరఖాస్తు పెట్టుకోవడానికి వీలులేదు. బోర్డు గుర్తింపు ఉన్న ఒక కేంద్రం మన తరఫున పేరు నమోదు చేయాలి. ఆ కేంద్రం ఒక బడి కావచ్చు, కొన్ని దేశాల్లో బ్రిటిష్ కౌన్సిల్ కావచ్చు. బయటి అభ్యర్థులను తీసుకోవాలా వద్దా అన్నది బడి ఇష్టం. తీసుకుంటే బోర్డు రుసుముకు తోడు తన సొంత రుసుము కూడా వేయవచ్చు. మేము ఒక బడిని అడిగినప్పుడు ముందు సరేనన్నారు కానీ, సైన్స్ పేపర్ల సంగతి వచ్చేసరికి వెనకాడారు. అందువల్ల "ప్రైవేట్ అభ్యర్థులను తీసుకుంటారా?" అని అడిగి ఊరుకోకుండా, సబ్జెక్టు పేరు, సిలబస్ కోడ్, రాయదలచిన పేపర్ల సంఖ్యలు, సిరీస్ (ఏ విడత పరీక్షలన్నది) అన్నీ రాసి పంపి, జవాబును కూడా రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది.

పేపర్ల ఎంపిక మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. కేంబ్రిడ్జ్ ఫిజిక్స్, అంటే 0625 సిలబస్‌నే తీసుకుంటే, ఎక్స్‌టెండెడ్ (పై స్థాయి) అభ్యర్థి బహుళైచ్ఛిక ప్రశ్నల పేపర్ 2, థియరీ పేపర్ 4 రాసి, వాటితోపాటు పేపర్ 5 గానీ పేపర్ 6 గానీ రాయాలి. పేపర్ 5 ప్రయోగశాలలో పరికరాలతో చేసే పరీక్ష కాగా, పేపర్ 6 అదే నైపుణ్యాన్ని కాగితం మీద పరీక్షించే ప్రత్యామ్నాయం. రెంటికీ మొత్తం మార్కుల్లో 20 శాతం వాటానే ఉంటుంది. బయటి అభ్యర్థికి ప్రయోగశాల ఏర్పాటు చేయడానికి చాలా కేంద్రాలు ముందుకు రావు కనుక, ఇంట్లో చదివేవారికి పేపర్ 6 దాదాపు ఏకైక మార్గం. ఇదే లెక్కన ఫస్ట్ లాంగ్వేజ్ ఇంగ్లిష్‌లో బడి పర్యవేక్షణలో రాసి సమర్పించే కోర్స్‌వర్క్ దారి వదిలి రాతపరీక్ష దారి పట్టాలి. మాట్లాడే పరీక్ష ఉన్న భాషలకు, దాన్ని నిర్వహించే మనిషి కేంద్రంలో ఉన్నారో లేరో ముందే తెలుసుకోవాలి.

అయితే పేపర్ 6 తీసుకున్నంత మాత్రాన ప్రయోగాలు చేయనక్కరలేదని అనుకోవడం పెద్ద పొరపాటని నా గట్టి నమ్మకం. ఆ పేపర్ అడిగేదంతా చేతితో చేసి చూసినవారికే సులువుగా తడుతుంది. మా అమ్మాయి దారానికి ఒక ఇనుప నట్టు కట్టి, తలుపు గడియకు వేలాడదీసి, స్టాప్‌వాచ్ పట్టుకుని లోలకం కాలాన్ని కొలిచింది. ఒక్క ఊగుకు పట్టే కాలాన్ని కొలిచినప్పుడల్లా వేరే అంకె వచ్చేది. 20 ఊగులకు కలిపి కొలిచి 20తో భాగించగానే అంకెలు దగ్గరపడ్డాయి. మీట నొక్కడంలో జరిగే ఆలస్యం 20 ఊగులకు పంచుకుపోతుందని ఆమె తనంతట తానే గ్రహించింది. "ఒక్క ఊగును కాక అనేక ఊగులను ఎందుకు కొలుస్తారు?" అన్న ప్రశ్న పాత ప్రశ్నపత్రంలో ఎదురైనప్పుడు ఆమె ఆలోచించవలసిన పని లేకపోయింది. కెమిస్ట్రీలో ద్రవాన్ని కొలిచే గాజుగొట్టం బ్యూరెట్ వంటివి మా ఇంట్లో సాధ్యపడలేదు. వాటికి వీడియోలు చూసి, బొమ్మల్లో మట్టం చదవడం సాధన చేసి తృప్తిపడ్డాము.

ప్రయోగ పరీక్ష బెడదే అక్కరలేదనుకునేవారికి పియర్సన్ ఎడెక్సెల్ అనే మరో బోర్డు పెట్టే ఇంటర్నేషనల్ జీసీఎస్ఈ ఉంది. అందులో సైన్స్‌కు వేరుగా ప్రయోగాల పేపర్ ఉండదు, ప్రయోగాల ప్రశ్నలు రాతపేపర్లలోనే కలిసివస్తాయి. గ్రేడ్లు 9 నుంచి 1 వరకు ఉంటాయి, 9 అన్నిటికన్నా పైది. దగ్గరలో ఏ బోర్డు కేంద్రం దొరుకుతుందన్నదే చివరికి ఈ ఎంపికను తేలుస్తుంది. కేంబ్రిడ్జ్‌లో కోర్ (కింది) స్థాయి పేపర్లు రాసేవారికి సి గ్రేడ్‌ను మించి రాదన్న సంగతిని మాత్రం పేరు నమోదు చేయించే ముందు మరిచిపోకూడదు.

ఇక చదువు విషయానికి వస్తే, మాకు అసలు ఉపాధ్యాయుడు బోర్డు ఉచితంగా ఇచ్చే సిలబస్ పత్రమే. ఒక్కో సబ్జెక్టుకు సుమారు 130 గంటల బోధన అవసరమన్న అంచనాతో వాటిని రూపొందిస్తారు. పాత ప్రశ్నపత్రాలు, వాటి మార్క్ స్కీములు (ఏ జవాబుకు ఎన్ని మార్కులో చెప్పే పత్రాలు), పరీక్షకుల నివేదికలు చదివితే మార్కు ఎక్కడ పడుతుందో, ఎక్కడ పోతుందో తెలుస్తుంది. మూసిన పాత్రలో వాయువును వేడిచేస్తే పీడనం ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకు, కణాలు వేగంగా కదిలి గోడలను ఎక్కువగా ఢీకొంటాయని మా అమ్మాయి రాసింది. వినడానికి సరిగానే ఉంది. కానీ మార్క్ స్కీము కోరేది సెకనుకు ఎక్కువసార్లు ఢీకొంటాయని, ఎక్కువ బలంతో ఢీకొంటాయని, విడివిడిగా రెండు మాటలు. బడిలోనైతే ఈ తేడాను ఉపాధ్యాయులు పట్టి చూపిస్తారు. ఇంట్లో ఆ పని తల్లిదండ్రులో, విద్యార్థే స్వయంగానో చేసుకోవాలి. మా అమ్మాయి తన జవాబులను ఎర్ర కలంతో తానే దిద్దుకునేది, నేను మళ్లీ చూసేదాన్ని.

జూన్, నవంబర్ అని రెండు ప్రధాన సిరీస్‌లు ఉంటాయి. జూన్ ఫలితాలు ఆగస్టులో, నవంబర్ ఫలితాలు జనవరిలో వస్తాయి. బోర్డు గడువుకన్నా కేంద్రం తన గడువును చాలా ముందుగా పెడుతుంది, కాబట్టి మనం చూసుకోవలసింది కేంద్రం చెప్పిన తేదీనే. నమోదు తరువాత వచ్చే పత్రంలో పేరు, పుట్టిన తేదీ, పేపర్ల సంఖ్యలను గుర్తింపు పత్రంతో పోల్చి చూడాలి.

ఇంటిచదువుకు అన్నిటికన్నా బరువైన లోటు మరొకటి ఉంది. మన పిల్లలు ఎంత బాగా చదువుతారో సాక్ష్యం చెప్పే బడి లేదు. 2020లో జూన్ సిరీస్ పరీక్షలు రద్దయి, బడులు పంపిన అంచనాల ఆధారంగా గ్రేడ్లు ఇచ్చినప్పుడు, ఏ బడిలోనూ చదవని అభ్యర్థులు అనేకులు గ్రేడు లేకుండా మిగిలిపోయారు. ఇది అన్యాయమని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది. పైచదువుల దరఖాస్తుల్లో అడిగే అంచనా గ్రేడ్ల దగ్గర కూడా ఇదే చిక్కు. తాను బోధించని విద్యార్థికి ఏ కేంద్రమూ వాటిని సులువుగా ఇవ్వదు. అందుకే మేము, సమయం పెట్టుకుని రాసిన మాదిరి పరీక్షల జవాబుపత్రాలను తేదీలు వేసి దాచాము. దరఖాస్తులు మాత్రం అసలు ఫలితాలు చేతికి వచ్చాకనే పెట్టుకున్నాము.