కునుకు పట్టలేదని ఒట్టేశాడు

మా బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టు ఈఈజీ మీద. తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి, మెదడు నుంచి వచ్చే సన్నటి కరెంటును పట్టుకుని, మనిషి మెలకువగా ఉన్నాడా జోగుతున్నాడా అని చెప్పే ప్రోగ్రాం రాయాలి. వినడానికి గొప్పగానే ఉంటుంది కానీ మాకు సగం సెమిస్టర్ తలలు తుడవడంతోనే సరిపోయింది. తలస్నానం చేసి రండి, కొబ్బరినూనె మాత్రం పెట్టుకోకండి అని ముందురోజే మెసేజ్ పెట్టేవాళ్లం, అయినా ఎవడో ఒకడు నిగనిగలాడుతూ దిగేవాడు. నూనె ఉంటే జెల్ ఎంత రాసినా ఎలక్ట్రోడ్ సరిగ్గా ఆనదు. మనకి కావాల్సిన సిగ్నలేమో మైక్రోవోల్టుల్లో ఉంటుంది, మామూలుగా వంద కూడా దాటదు. పక్కన లాప్‌టాప్ చార్జర్ పెట్టి ఉంటే గోడలోని 50 హెర్ట్జ్ కరెంటు దాన్ని మొత్తం మింగేస్తుంది. పళ్లు బిగిస్తే ఒక గోల, కనురెప్ప వేస్తే ఇంకో గోల.

ఇవన్నీ సర్దుకున్నాక ఒకసారి కళ్లు మూసుకోమని చెప్పి చూడండి. తల వెనక పెట్టిన ఎలక్ట్రోడ్ నుంచి సెకనుకి పది చొప్పున అలలు, దువ్వెన పళ్లలా వరసగా వచ్చేస్తాయి. కళ్లు తెరిస్తే మాయం. ఇవే ఆల్ఫా అలలు. జర్మనీలోని యెనాలో హాన్స్ బెర్గర్ అనే మానసిక వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి ఈఈజీ తీసి, 1929 దాకా అచ్చులో పెట్టలేదు. పెట్టాక కూడా చాలామంది నమ్మలేదు, 1934లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్, మాథ్యూస్ అనే శాస్త్రవేత్తలు మళ్లీ చేసి చూపించాక గానీ. మొదటిరోజు మా తెర మీద అవి కనిపించినప్పుడు నేనూ వైరు ఎక్కడో లూజ్ అయిందనే అనుకున్నాను.

అసలు తలనొప్పి ఇక్కడే మొదలైంది. కళ్లు తెరిచి ఉన్నవాడికి నిద్ర ముంచుకొస్తుంటే ఆల్ఫా పెరుగుతుంది. అదే కళ్లు మూసుకున్నవాడు నిద్రలోకి జారితే ఆల్ఫా చెదిరిపోయి, 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య ఉండే నెమ్మది అలలు, థీటా, పైకొస్తాయి. అంటే ఒకే అంకె చూసి తేల్చలేం. పైగా కొంతమందికి పుట్టుకతోనే ఆల్ఫా అంతంతమాత్రం. ఎవరికి వాళ్లకే ముందు మెలకువలో కొలిచి పెట్టుకోవాలి, అందుకే అందరికీ ఒకే లెక్కతో పనిచేస్తాం అనే ఈఈజీ హెడ్‌బ్యాండ్ల (తలకి పట్టీలా కట్టుకునేవి) ప్రకటనలు చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇక మావాడి సంగతి. మధ్యాహ్నం బిర్యానీ తిని వచ్చి కూర్చున్నాడు. తెర మీద చుక్క వచ్చినప్పుడల్లా స్పేస్‌బార్ నొక్కాలి, నలభై నిమిషాలు. ఇరవై నిమిషాలు దాటాక ఆల్ఫా దట్టంగా వచ్చింది, తర్వాత అదీ పోయి ఆరు సెకన్ల పాటు ఉత్త థీటా, రెండు చుక్కలు వెళ్లిపోయాయి, మళ్లీ ఉలిక్కిపడి నొక్కడం మొదలుపెట్టాడు. అయ్యాక అడిగితే, "పోరా, నేనెక్కడ పడుకున్నా? ఒక్కటి కూడా వదల్లేదు" అని ఒట్టేశాడు. అబద్ధం ఆడటం లేదు, వాడికి నిజంగానే తెలీదు. మనం కోడికునుకు అంటామే, అదే. గంటకి 80 కిలోమీటర్ల మీద ఆరు సెకన్లంటే 130 మీటర్లు దాటిపోతుంది బండి.

మా బాబాయి లోకో పైలట్. సెలవులకి వచ్చినప్పుడు ఇదంతా చూపించాను. వాళ్ల ఇంజన్లో విజిలెన్స్ కంట్రోల్ పరికరం ఉంటుంది, నిమిషం పాటు దేన్నీ ముట్టుకోకపోతే ముందు లైటు, తర్వాత బజర్, అప్పటికీ కదలకపోతే బ్రేకులు పడిపోతాయి. "మంచిదే గానీ, అలవాటైపోతే చెయ్యి దానంతటదే వెళ్లి నొక్కేస్తుంది రా" అన్నాడు. చెయ్యి మెలకువగానే ఉండి తల ఎటో పోయే ఆ ముక్కనే ఈఈజీ పట్టుకోగలదు, అందుకని నేను హుషారుగా ఎలక్ట్రోడ్లు బిగించిన మా టోపీ తీసి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "మే నెలలో ఇంజన్లో ఇది పెట్టుకుంటే చెమటకి ఆగుతుందా?" అని అడిగాడు.

ఆగదు. చెమట పడితే సిగ్నల్ నెమ్మదిగా పైకీ కిందికీ ఊగుతుంది, ఆ ఊగడం మా ప్రోగ్రాంకి నిద్ర అలల్లాగే కనిపిస్తుంది. మేం తీసిన రికార్డింగులన్నీ ఏసీ గదిలోవే.