కుదురుగా కూర్చున్నారా?

ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో, పెద్దవాళ్లను చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పనికి చేరి అప్పటికి మూడు వారాలైంది. పొద్దున ఏడింటి షిఫ్టు. ఎనభై తొమ్మిదేళ్ల పెద్దావిడను మంచం మీంచి కుర్చీలోకి మార్చి, వీపు వెనక దిండు సర్ది, "ఆర్ యూ సిట్టింగ్ కంఫర్టబ్లీ?" అని అడిగాను. అంతవరకూ నాతో ఒక్క మాట కలపని మనిషి నా మొహంలోకి చూసి, "దెన్ ఐల్ బిగిన్" అంది. ఏం మొదలుపెడుతుందోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆవిడ నవ్వుతూ ఊరుకుంది.

టీ టైములో మా సీనియర్ చెప్పింది. అది రేడియోలో వచ్చే మాటట. 1950 జనవరిలో బీబీసీ 'లిజన్ విత్ మదర్' అని పసిపిల్లల కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఐదుకి, పదిహేను నిమిషాలు. కథ చెప్పేముందు రోజూ అదే ప్రశ్న, వెంటనే "అయితే మొదలుపెడతాను" అని. ఆవిడకి కూతురి పేరు గుర్తుండటం లేదు. ఈ మాట మాత్రం పోలేదు.

ఆ రాత్రి రూముకొచ్చాక నిద్ర పట్టలేదు. తెనాలి దగ్గర మా ఊళ్లో మా అమ్మమ్మకి గోడ గడియారంతో పనుండేది కాదు. విజయవాడ కేంద్రంలో వార్తలైతే పాలు పితకాలి, స్త్రీల కార్యక్రమమైతే ఒక కునుకు తీయాలి. హైదరాబాద్ కేంద్రం కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే పక్కింటివాళ్ల గురించి విన్నట్టు వినేది. ఆడవాళ్లకొక సమయం, రైతుకొకటి, పనివాళ్లకొకటి అని రోజును పంచే ఆ పద్ధతికి ఇక్కడి రేడియోతో చుట్టరికం ఉందని తర్వాత తెలిసింది. 1935లో మన దేశపు రేడియోను నిలబెట్టడానికి వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ బీబీసీ నుంచి వచ్చినవాడే.

పాత రేడియో టైమ్స్ పత్రికల్లోని కార్యక్రమాల పట్టికలను బీబీసీ ఇంటర్నెట్‌లో పెట్టింది. 1950ల నాటి ఒక మామూలు పనిరోజు తీసుకుని, పెద్ద అక్షరాల్లో ప్రింటు చేసి ఆవిడ గదిలో అంటించాను. వీలు చిక్కినప్పుడల్లా ఒక్కో లైను చదివేదాన్ని.

పొద్దున పదిన్నర, 'మ్యూజిక్ వైల్ యూ వర్క్' అన్నాను. ట్రే మీద ఉన్న ఆవిడ చేతులు కదలడం మొదలెట్టాయి. కుడిచేత్తో ఏదో తీసుకోవడం, ఎడమచేత్తో తిప్పడం, పక్కకి నెట్టడం. మళ్లీ అదే. పదిహేనో ఏట బడి మాని రేకు డబ్బాల ఫ్యాక్టరీలో చేరిందట. చేతుల్లో మూతలేమీ లేవు కానీ లెక్క తప్పడం లేదు. యుద్ధం రోజుల్లో, 1940 జూన్‌లో, ఫ్యాక్టరీల కోసమే పుట్టిన కార్యక్రమమిది. అరగంట సేపు మధ్యలో మాటల్లేకుండా పాట మీద పాట. చేతులు ఆగకూడదు, మరీ పరుగెత్తకూడదు, దానికి తగ్గ లయే ఎంచుకునేవారు. చప్పట్లు కొట్టించే ఒక అమెరికన్ పాటను పక్కన పెట్టేశారు, పనివాళ్లు పనిముట్లు వదిలేసి చప్పట్లు కొడతారని. పనివాళ్ల ఒంటి గురించి అంత ఆలోచించారంటే ముచ్చటేసింది. ఆ ఆలోచనంతా పని తగ్గకుండా చూడటానికే కదా అని కష్టంగానూ అనిపించింది. రెండూ నిజమే.

మధ్యాహ్నం భోజనం వేళ 'వర్కర్స్ ప్లేటైమ్'. ఏదో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్ నుంచే నేరుగా పాటలు, హాస్యం. పెళ్లై, కూతురు పుట్టాక ఆవిడ రోజు మారింది. పాపను ఒళ్లో పెట్టుకుని ఆ పదిహేను నిమిషాల కథ, రెండింటికి 'వుమన్స్ అవర్', ఆరూ నలభై ఐదుకి 'ది ఆర్చర్స్'. రైతులకి కొత్త సాగు పద్ధతులు చెప్పాలని, తిండికి ఇంకా రేషన్ ఉన్న కాలంలో మొదలైన నాటకం అది. 1955 సెప్టెంబరు 22న అందులో గ్రేస్ అనే పాత్ర చనిపోయింది. అదే రాత్రి బీబీసీకి పోటీగా ఐటీవీ అనే టీవీ ఛానెల్ ప్రసారాలు మొదలయ్యాయి. "మా అమ్మ కూర అడుగంటించేసింది, లవ్" అంది ఆవిడ, ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటూ.

పట్టికలో మూడు వరసలుంటాయి. హోమ్, లైట్, థర్డ్ అని బీబీసీ మూడు రేడియో ఛానెళ్లు. మూడోదాంట్లో పెద్ద పెద్ద సంగీత కచేరీలు, కవిత్వం, ప్రసంగాలు. ఆ వరస చదవబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "అది మనకోసం కాదులే." ఆ మాట నాకు గుచ్చుకుంది. రేడియో లైసెన్సు పౌండు అందరికీ ఒకటే కదా. మనలాంటి వలసవాళ్ల కోసమైతే ఆ పట్టికలో ఏదీ లేదు. 1965 అక్టోబరులో బర్మింగ్‌హామ్ నుంచి ఆదివారాలు హిందీ, ఉర్దూ కలిపి 'అప్నా హీ ఘర్ సమఝియే' వచ్చేదాకా.

నెలలో వారం నాకు నైట్ డ్యూటీ. అర్ధరాత్రి దాటాక సముద్ర వాతావరణం చదువుతారు, ఒక్కో సముద్ర భాగం పేరు, అక్కడి గాలి జోరుకొక అంకె. రేడియో చిన్నగా పెట్టి ఉంచుతాను. ఆవిడకి మెలకువ వస్తుంది. మా అమ్మమ్మ విష్ణు సహస్రనామం చదివినట్టే కళ్లు మూసుకుని అందుకుంటుంది. ఫోర్టీస్, క్రోమార్టీ, ఫోర్త్, టైన్, డాగర్... తర్వాత "హెలిగోలాండ్" అంటుంది. రేడియోలో చదివే ఆమె "జర్మన్ బైట్" అంటుంది. మొదట్లో నేను సరిదిద్దబోయాను. తర్వాత తెలిసింది, 1956లో ఆ పేరు మార్చారు. ఆవిడది అంతకుముందు నేర్చుకున్న పాఠం. వాళ్ల నాన్న ట్రాలర్ మీద చేపల వేటకి వెళ్లేవాడు. ఇంట్లో ఈ పేర్లు వచ్చేటప్పుడు ఎవరూ మాట్లాడేవారు కాదట.

నిన్న రాత్రి నా చెయ్యి పట్టుకుని, గాలి ఎంత అని అడిగింది. 

"నాలుగు" అన్నాను.

"నాలుగైతే ఫర్వాలేదు" అని పక్కకి తిరిగి పడుకుంది.