అరగంట ఉచితం, అందులో సగం ర్యాంపు మీదే

మాల్స్‌లో పార్కింగ్ ఫీజుల గురించి తెలంగాణ ప్రభుత్వం 2018లో ఇచ్చిన జీవో 63 కాగితం మీద చక్కగానే ఉంది. మొదటి అరగంట ఎవరికైనా ఉచితం. అరగంట దాటి గంటలోపైతే అక్కడ ఏదో ఒకటి కొన్న బిల్లు చూపిస్తే చాలు; గంట దాటితే మాత్రం ఆ బిల్లు పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉండాలి. నా పేచీ అల్లా ఒక్కటే: గేటు దగ్గర టికెట్ చేతికి వచ్చినప్పటి నుంచి నిమిషాలు లెక్కిస్తారు గాని, కారు ఆపి తాళం వేసినప్పటి నుంచి కాదు.

ఆదివారం సాయంత్రాలు ఈ రెండింటి మధ్య ఎంత సమయం గడుస్తుందో హైదరాబాద్‌లో కారు నడిపేవారికి చెప్పనక్కరలేదు. మొదటి సెల్లార్ నిండిందని గార్డు ఈల వేసి రెండో దానికి పంపిస్తాడు, అక్కడి గార్డు మూడో దానికి పంపిస్తాడు. ఈలోగా ర్యాంపు మలుపులో ఎవరో ఒకరు తిరగలేక రివర్స్ చేశారంటే వెనకనున్నవారంతా ఆ ఏటవాలు మీద బ్రేకు తొక్కి పట్టుకుని కూర్చోవలసిందే. తీరా ఖాళీ కనిపించిందని సంబరపడితే అక్కడ ‘రిజర్వ్‌డ్’ అన్న బోర్డు ఉంటుంది.

చోటు దొరికినా కష్టం తీరదు. ఒక్కో కారుకు మన దేశంలో సాధారణంగా కేటాయించేది రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. మారుతి 800 వెడల్పు 1.44 మీటర్లే కనుక దానికి అది ధారాళంగా సరిపోయేది. ఇటీవలి మహీంద్రా ఎక్స్‌యూవీ 700 వెడల్పు, పక్క అద్దాలు కలపకుండానే, 1.89 మీటర్లు, అలాంటి రెండు కార్లు పక్కపక్కన తమ తమ గీతల మధ్య బుద్ధిగా నిలిచినా వాటి నడుమ మిగిలేది 61 సెంటీమీటర్లు. ఆ సందులో తలుపు సగం తెరిచి, మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను దింపడం జరిగే పని కాదు. ముందే లిఫ్టు దగ్గర దింపుదామంటే వెనక హారన్లు ఊరుకోవు.

ఇక బయటికి వచ్చేటప్పుడు ఫీజు కట్టే బూత్ సెల్లార్‌లోనే ఉంటే, అంత కాంక్రీటు కింద ఫోన్‌కు సిగ్నల్ అందక యూపీఐ చెల్లింపు ముందుకు కదలదు. నగదు ఇస్తే చిల్లర లేదంటారు. అక్కడ నిలబడిన నిమిషాలు కూడా మన ఖాతాలోనే పడతాయి, గంట దాటితే ఫీజూ మారుతుంది. కొన్ని చోట్ల పైఅంతస్తులో లిఫ్టు పక్కనే డబ్బు కట్టించుకుని, కిందికి దిగి బయటపడేందుకు కొంత వ్యవధి ఇస్తారు. అన్నిచోట్లా అలాగే చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ ఉచిత అరగంటకు దిగడానికీ ఎక్కడానికీ మరో పదిహేను నిమిషాలు కలిపితే ఇంకా న్యాయంగా ఉంటుంది. ఆ పదిహేను నిమిషాలూ తమ ఔదార్యమేనని మాల్ వారు గేటు దగ్గర బోర్డు పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.